అడిగితే వద్దంటారని

హలో, అందరికీ నమస్తే. వినబడుతోందా? సిగ్నల్ సరిగ్గా లేకపోతే కిటికీ దగ్గరికి రండి. పొయ్యి మీద ఏమన్నా పెట్టి ఉంటే మంట తగ్గించి రండి, నేను ఆగుతాను. చెప్పబోయేది మన సూర్యాపేటలో టీవీ ప్రోగ్రాం నడిపే ఒకామె సంగతి. పేరు వందన. టీవీలో కనిపించే మనిషి కాదు, కనిపించేవాళ్ల వెనక కూర్చుని అంతా నడిపే మనిషి. ప్రొడ్యూసర్ అంటారు. చావు గడప దాకా పోయి తిరిగి వచ్చింది. వచ్చాక ఒక్క వారంలో ఏం జరిగిందో చెప్తాను. మధ్యలో ఫోన్ పెట్టేయకండి.

ఛానెల్ ఆఫీసు రెండో అంతస్తులో ఉంది, కింద ఎరువుల దుకాణం. వందన మెట్ల దగ్గర ఆగి, ఎడమ పాదం వేలాడకుండా డాక్టర్లు ఇచ్చిన ప్లాస్టిక్ పట్టీని చెప్పులో సర్దుకుంది. రెయిలింగు పట్టుకుని ముందు కుడి కాలు పై మెట్టు మీద పెట్టి, ఎడమ కాలిని దాని పక్కకు తెచ్చుకుంది. పైనుంచి చూసిన కెమెరామన్ జగదీష్ గబగబా దిగి వచ్చాడు.

"అక్కా, పట్టుకోవాల్నా?"

"వద్దు. నువ్వు ముందు నడువు. వెనకనుంచి సూస్తుంటే నాకు భయమైతది."

ఆమె గొంతు సగమే వచ్చింది. మిగతా సగం గాలి. గొంతు కింది గుంటలో ఊపిరి గొట్టం పెట్టిన చోట మచ్చ ఇంకా గులాబీ రంగులోనే ఉంది. చున్నీని దాని మీదుగా చుట్టుకుంది.

కంట్రోల్ రూములో ఆమె కుర్చీ ఎత్తు ఎవరో తగ్గించారు. అడగకుండానే కూర్చుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని, యాంకర్ చెవిలోకి మాట పంపే బటన్ మీద చూపుడు వేలు పెట్టింది. వేలు వంగింది గాని బటన్ దిగలేదు. వేలు మడిచి, గెనుపుతో నొక్కింది. ఎర్ర లైటు వెలిగింది. జగదీష్ అటు తిరిగి, తుడిచిన లెన్సునే మళ్లీ తుడవసాగాడు.

"సూసినవ్ గదా," అంది వందన.

"ఏం సూడలే అక్కా."

"సూసినవ్. మంచిదే. ఎవరన్నా అడిగితే గిట్ల గూడ నొక్కొచ్చని చెప్పు."

మధ్యాహ్నానికి రాంచందర్ వచ్చాడు. మిర్యాలగూడలో రైస్ మిల్లు ఆయనదే, ఈ ఛానెల్ కూడా ఆయనదే. నుదుట కుంకుమ, తెల్ల చొక్కా, జేబులో మూడు రంగుల పెన్నులు. వందన లేవబోతే రెండు చేతులతో వారించాడు.

"కూసోమ్మా, కూసో. నిన్ను సూస్తుంటే మా ఇంట్ల మనిషే లేచి తిరుగుతున్నట్టుంది. కమల రోజూ అడుగుతది, వందన ఎట్లున్నది, ఏం తింటుందని." కమల ఆయన భార్య. "సరే విను. శుక్రవారం కోదాడల ఫంక్షన్ హాలు తీసుకున్న. మన 'అండదండ' ప్రోగ్రాం వార్షికోత్సవం. పొద్దున లైవ్. నువ్వు లేనన్ని రోజులు జగదీష్ నెట్టుకొచ్చిండు. అయినా ప్రోగ్రాం నీది."

"చేస్త సార్."

"ఆఖరున నీ కథ పెడదాం. దవాఖానల తీసిన టేపు ఉన్నది గదా, నువ్వు వెంటిలేటర్ మీద ఉన్నది. అప్పుడు వేస్తే ఏడ్వని ఇల్లు లేదు. ఇప్పుడు తెర మీద అదే టేపు నడుస్తుంటే, పక్కనుంచి నువ్వు నడిచి వస్తవు. ఇగ చాలు."

"వద్దు సార్."

అంత త్వరగా వస్తుందనుకోని జవాబు అది. రాంచందర్ పెన్నులు సర్దుకున్నాడు.

"ఎందుకమ్మా? ఆ టేపు చూసే గదా నలుగురు నీకు సాయం పట్టిండ్రు."

"ఇంకో కథ తెస్త సార్. ఆఖరి బిట్టు బాధ్యత నాది."

ఆయన కొంచెం సేపు కిటికీలోంచి రోడ్డు చూశాడు. "అయితే మా ఉప్పలయ్య ఉన్నడు. మిల్లుల హమాలీ. పేర్చిన బస్తాల నెట్టు జారి తలమీద పడ్డది. మాట లేదు, కాలు చెయ్యి కదలదు. మందులు, మంచం, అన్నీ మనమే చూస్తున్నం. బిడ్డ శ్రీజ కోదాడలనే పాలిటెక్నిక్ చదువుతది, అదీ మనమే. తెర మీద తండ్రి, స్టేజీ మీద బిడ్డ. ఎట్లుంటది?"

వందన తల ఊపింది.

"మంచిగ రావాలె. రాకుంటే, ఏమనుకోకు, ప్రోగ్రాం జగదీష్‌కే ఉంచుత. నువ్వు ఇంట్ల రెస్టు తీసుకో. జీతం గురించి పరేషాన్ కాకు."

ఆయన మంచిగానే అన్నాడు. కాని వందనకు ఆ ప్రోగ్రాం ఒట్టి జీతం కాదు. దవాఖానలో ఒంట్లో కండ్లు తప్ప ఏదీ కదలని రోజుల్లో, పైకప్పు కింద తిరిగే ఫ్యాన్ వైపు చూస్తూ ఆమె తలలో ప్రోగ్రాం నడిపేది. కెమెరా ఒకటి, కెమెరా రెండు, ఇప్పుడు పాట, ఇప్పుడు యాంకర్. అది లేకపోతే ఇంటికి వచ్చినట్టు కాదు.

సాయంత్రం భర్త శ్రీహరి షాపు దగ్గర ఆగింది. బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు. శ్రీహరి మోటారు లోపలి గాడుల్లో రాగి తీగ చుట్ట దూరుస్తున్నాడు. లేచి స్టూలు ఇచ్చాడు, చాయ్ గ్లాసును గుడ్డలో చుట్టి ఆమె రెండు చేతుల మధ్య పెట్టాడు. వేడి తెలియక ఒకసారి చెయ్యి కాలింది, అప్పటినుంచి గుడ్డ చుడతాడు.

"ఏమన్నడు సారు?"

"నా టేపు వేస్తమన్నడు. వద్దన్న."

శ్రీహరి తీగ లాగాడు. "వెయ్యనీయరాదు? అందరు సూసిందే గదా."

"అందరు సూసిండ్రు. నేను సూడలే."

"నువ్వెందుకు సూసుడు? పీడకల అది." తీగ చుట్ట మీద చుట్ట ఎక్కింది. ఆయన చూసుకోలేదు. చూసుకున్నాక మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టాడు. వందన చాయ్ చల్లారేదాకా గ్లాసు పట్టుకునే కూర్చుంది.

మిర్యాలగూడలో మిల్లు గేటు దాటగానే ఉడికిన వడ్ల వాసన. ఊక దుమ్ము ఎండలో తేలుతోంది. ఉప్పలయ్య ఇల్లు మిల్లు వెనక గోడకు ఆనుకుని ఉంది, రేకుల కప్పు, ఒకే గది. మంచం కింద నాలుగు కాళ్లకు ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. భార్య కాటమ్మ ఆయనకు గడ్డం గీసి, ఇస్త్రీ చొక్కా తొడిగి, తల దువ్వి ఉంచింది. గడ్డం కింద ఒకచోట బ్లేడు తగిలి చిన్న గాటు.

"పెండ్లప్పుడు గూడ గింత సక్కగ తయారు కాలే ఈయన," అంది కాటమ్మ. "చాయ్ పెడుదునా మేడం?"

"తర్వాత అక్కా."

జగదీష్ కెమెరా స్టాండు విప్పి, కిటికీ వెలుతురు మొహం మీద పడేలా మంచాన్ని కొంచెం జరిపించాడు. ఉప్పలయ్య కండ్లు అతని వెంటే తిరిగాయి. మొహం మొత్తంలో బతికి ఉన్నది అవే.

ఛానెల్‌లో ఒక పద్ధతి ఉంది, వందనే పెట్టింది. ప్రతి టేపు మొదట ఆ మనిషి కెమెరాలోకి చూసి పేరు చెప్పాలి, నన్ను చూపించడానికి ఒప్పుకుంటున్నానని అనాలి. ఆఫీసులో దాన్ని ఒప్పుదల బిట్టు అంటారు. మాట రానివాళ్ల తరఫున ఇంటివాళ్లు అంటారు. కాటమ్మ కొంగు సర్దుకుని మంచం పక్కన నిలబడింది.

"నా పేరు కాటమ్మ. ఈయన మా ఇంటాయన ఉప్పలయ్య. టీవీల సూపెట్టనీకి ఈయన తరఫున నేను ఒప్పుకుంటున్న."

జగదీష్ తల ఎత్తాడు. "అక్కా, పెద్దాయన నిద్రపోయిండు."

కాటమ్మ చెంప మీద తట్టింది. "ఓ మనిషీ, తెరువు. సార్లొచ్చిండ్రు. పనిమీద ఉన్నప్పుడు నిద్ర రాలే, ఇప్పుడొచ్చిందా?"

ఉప్పలయ్య తెరిచాడు. మళ్లీ తీశారు. కాటమ్మ ఒప్పుకుంటున్న అనగానే మళ్లీ మూశాడు.

"గోలీల మత్తు గావచ్చు," అన్నాడు జగదీష్. "తండ్రి కండ్లు తెరిచి ఉంటేనే బాగుంటది. ఇంకోసారి చేద్దాం."

మూడోసారి వందన కెమెరా తెరను చూడలేదు, మనిషిని చూసింది. రెప్పలు వాలలేదు, బిగిశాయి. కండ్ల చివరల్లో ముడతలు పడ్డాయి. నిద్రపోయే కండ్ల చివర ముడతలు పడవు. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే చున్నీ మీదికి, గొంతు దగ్గరికి పోయింది.

"జగదీష్, కెమెరా బంద్ చెయ్యి. బయటికి పోయి మిల్లు షాట్లు తీసుకో."

"వెలుతురు పోతది అక్కా."

"పోనీ."

అతను పోయాక గదిలో మిల్లు చప్పుడు ఒక్కటే మిగిలింది. వందన స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది.

"కాటమ్మక్కా, ఈయనకు నీళ్లు గావాలంటే నీకెట్ల తెలుస్తది?"

"పైకి సూస్తడు."

"పక్కకు తిప్పాలంటే?"

"గోడ దిక్కు సూస్తడు."

"వద్దంటే?"

కాటమ్మ చేతిలో తడిగుడ్డ ఉంది. దాన్ని పిండింది. నీళ్లు రాకపోయినా ఇంకోసారి పిండింది.

"కండ్లు మూస్తడు."

"మరి ఇప్పుడు వద్దంటున్నడు."

"నాకెరుక లేదా మేడం? ఇన్నేండ్ల కాపురం. నిన్నటి సంది అడుగుదునా అంటే అడగలె. అడిగితే వద్దంటడు. వద్దన్నంక చేస్తే పాపం. అడగకుంటే పాపం లేదు గదా." గుడ్డను తాడు మీద ఆరేసింది. "మందులు మిల్లు నుంచి వస్తయి. మంచం మిల్లుదే. బిడ్డ సదువు మిల్లుదే. ఈయన కండ్లు మూసుకుంటడు. నేను గూడ మూసుకుంటే పొయ్యి ఎవరు ముట్టిస్తరు?"

వందన చున్నీ తీసి ఒళ్లో పెట్టుకుంది. మచ్చ కనిపించింది.

"ఉప్పలన్నా. నా పేరు వందన. నేను గూడ గిట్లనే మంచంల పన్న. నాకు నరాల జబ్బు, కాళ్లకెల్లి పైకి పాకింది. అన్నీ వినబడేటివి. నా మంచం పక్కనే నిలబడి నన్ను టేపుల ఎట్ల తీయాల్నో మాట్లాడుకునేటోళ్లు."

ఉప్పలయ్య కండ్లు మచ్చ మీద ఆగాయి. అక్కడినుంచి ఆమె మొహం మీదికి వచ్చాయి.

కాటమ్మ దగ్గరికి వచ్చింది. "అయ్యో చెల్లె. గొట్టం పెట్టిండ్రా నీకు?" ఇక మేడం అనలేదు.

"నేనొక్కొక్కటి అడుగుత అన్నా. వద్దంటే మూయి. నిన్ను టీవీల సూపెట్టుడు వద్దా?"

కండ్లు తెరిచే ఉన్నాయి.

"ఈ ఇల్లు సూపెట్టుడు? ...అక్క ఏడుస్తుంటే సూపెట్టుడు?"

తెరిచే ఉన్నాయి. "ఏడ్వనీ అంటుండు సూడు," అంది కాటమ్మ.

"శ్రీజను?"

కండ్లు మూతపడ్డాయి. గట్టిగా. మూసిన రెప్పల కిందినుంచి ఒక చుక్క చెవి వైపు జారింది.

కాటమ్మ తన కొంగుతోనే తుడిచింది. "మొన్న సూపర్‌వైజర్ వచ్చి గీడనే నిలబడి సారుతోని ఫోన్ల మాట్లాడిండు. బిడ్డ స్టేజీ ఎక్కుతది, సారు కాళ్లు మొక్కుతది, పెద్ద తెర మీద తండ్రిని సూసి ఏడుస్తది అని. ఈయన ముంగటనే. గోడకు జెప్పినట్టు."

"శ్రీజకు తెలుసా?"

"రమ్మన్నరని తెలుసు. ఎందుకో తెల్వదు. దాని దోస్తులకు ఈయన సంగతే తెల్వదు చెల్లె. నాయిన ఏం జేస్తడంటే మిల్లుల జేస్తడంటది."

వందన ఉప్పలయ్య మీదికి వంగింది. గొంతులో గాలి ఎక్కువై మాట తక్కువైంది, అయినా మెల్లగా అంది. "శ్రీజ స్టేజీ ఎక్కదు. నేను మాటిస్తున్న. మిగిలింది తీయాల్నా?"

ఉప్పలయ్య కండ్లు తెరిచాడు. జగదీష్ తిరిగి వచ్చి ఒప్పుదల బిట్టు మళ్లీ తీసినప్పుడు చివరిదాకా తెరిచే ఉంచాడు.

"సూసినవా, నిద్ర పోయింది," అన్నాడు జగదీష్.

గురువారం సూర్యాపేటలో ఎడిటింగ్ టేబుల్ దగ్గర రాంచందర్ టేపు మొత్తం చూశాడు. మధ్యలో ఒకసారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు కూడా.

"మంచిగుంది. బిడ్డ వస్తే ఇంకా మంచిగుంటది."

"బిడ్డను పిలవద్దు సార్. తండ్రి వద్దన్నడు."

"మాట రాని మనిషి ఎట్లన్నడమ్మా?"

వందన చెప్పింది. ఆయన నవ్వాడు. అందులో వెటకారం లేదు. "కండ్లు మూసుకుంటే వద్దన్నట్టా? మా నాయిన మిల్లుల గద్దె మీద కూసోని పొద్దంత మూసుకునేటోడు. అట్లయితే మేం వ్యాపారమే చేయకపోదుము." లేచి నిలబడ్డాడు. "బిడ్డ పేరు రాసిచ్చిన. యాంకర్ ప్రీతి చదువుతది. బిడ్డ వద్దంటే నీ టేపు. రెండిట్ల ఒకటి. ఏమంటవ్?"

వందన ఏమీ అనలేదు. తెర మీద ఉప్పలయ్య మొహం ఆగి ఉంది.

"సరే మరి. ఏమనలేదంటే ఒప్పుకున్నట్టే."

ఆయన పోయాక ఆమె జగదీష్‌ను అడిగింది. "నా టేపు పెట్టు."

"వద్దక్కా."

"పెట్టు. తీసింది నువ్వే గదా."

అతను కంప్యూటర్‌లో వెతికాడు. ఫైలు ఎక్కడుందో తెలిసినా కాసేపు వెతుకుతున్నట్టు నటించాడు. చివరికి పెట్టాడు.

మొదట పచ్చ కర్టెన్. తర్వాత శ్రీహరి, మాసిన గడ్డం, చేతిలో ప్లాస్టిక్ కవరు. "నా పేరు శ్రీహరి. నా భార్య వందన తరఫున నేను ఒప్పుకుంటున్న." కెమెరా పక్కకు జరిగింది. దిండు మీద ఒక మొహం, గొంతులోంచి గొట్టం. ఆ మొహాన్ని వందన వెంటనే గుర్తుపట్టలేదు. కండ్లు గుర్తుపట్టింది.

కండ్లు రెండుసార్లు మూసుకుని తెరుచుకున్నాయి. ఆగాయి. మళ్లీ రెండుసార్లు. ఆగాయి. మళ్లీ రెండుసార్లు.

"ఇంకా వెయ్యాల్నా?" అన్నాడు జగదీష్.

"ఐసీయూల ప్రశాంతి అని ఒక సిస్టర్ ఉండె. ఒక్కసారి రెప్ప కొడితే అవును, రెండుసార్లు కొడితే వద్దు. ఆమె డ్యూటీ దిగి పోయినంక మీరు వచ్చిండ్రు."

జగదీష్ తెర వైపు చూశాడు. టేపు వెనక్కి జరిపి, ఆ ముక్క తనే మళ్లీ వేశాడు. మౌస్ మీది చెయ్యి తీసేసి ఒళ్లో పెట్టుకున్నాడు. "నేను సూడలే అక్కా. గొట్టం మీద ఫోకస్ పెట్టిన."

"రేపు ఈ టేపు నీ దగ్గర ఉంచుకో. కోదాడకు తే."

"వెయ్యనీకా?"

"తే అన్న. వేస్తనో లేదో నాకే తెల్వదు."

కోదాడ ఫంక్షన్ హాల్లో పెళ్లికూతురి గదిని కంట్రోల్ రూముగా మార్చారు. అద్దం నిండా ఎవరెవరో అంటించిపోయిన బొట్టుబిళ్లలు. హాలు మేనేజరు గుమ్మంలోంచి తొంగిచూశాడు. "జనరేటర్ వెనకాల పెట్టించామండి. కరెంటు పోయినా మీకేం ఇబ్బంది ఉండదు. కాఫీ పంపమంటారా, టీయా?" కెమెరాల దగ్గర కిరాయికి తెచ్చిన మనుషులు, ఏ కెమెరా బొమ్మ పోవాలో మార్చే స్విచర్ దగ్గర జగదీష్, పక్కన వందన. శ్రీహరి ఆమెను దింపి హాల్లో వెనక కుర్చీలో కూర్చున్నాడు.

మొదలుకావడానికి ఇంకా టైముంది. గది ముందు ఒక పిల్ల వచ్చి నిలబడింది. నీలం చుడీదార్, భుజాన కాలేజీ బ్యాగు. కండ్లు చూడగానే ఎవరి బిడ్డో వందనకు తెలిసిపోయింది.

"అక్కా, నేను శ్రీజ. రాంచందర్ సారు రమ్మన్నరు. సర్టిఫికెట్ ఏమన్నా ఇస్తరా? మా ఫ్రెండ్స్ ఫోటో తీస్తమని వచ్చిండ్రు."

వందన తలుపు దగ్గరికి వేసింది. దాచకుండా చెప్పింది. పెద్ద తెర, తండ్రి, స్టేజీ, కాళ్లు మొక్కడం. శ్రీజ బ్యాగు పట్టీని రెండు చేతులతో పట్టుకుని విన్నది.

"పోవాల్నా అక్కా?"

"నువ్వు జెప్పు."

"పోకుంటే నాయినకు మందులు ఆపుతరా?"

వందన ఆపరని అనలేకపోయింది. తెలియని మాట అనడం ఆమెకు రాలేదు. "మీ నాయిన వద్దన్నడు. నువ్వు?"

శ్రీజ మొహం ఒక్కసారిగా పైకి లేచింది. "నాయిన అన్నడా? నాయినను అడిగిండ్రా?"

"అడిగిన."

"నాకూ వద్దక్కా," అంది శ్రీజ. అని, చుట్టూ ఎవరైనా విన్నారేమోనని చూసుకుంది.

"దోస్తుల దగ్గర కూసో. నీ పేరు రాదు."

లైవ్ మొదలైంది. స్టేజీ మీద ప్రీతి ఎర్ర పట్టుచీరలో నిలబడి మాట్లాడుతోంది. చేతిలో అట్టముక్క, దాని మీద రాంచందర్ రాయించిన పేర్లు. ముందు వరసలో రాంచందర్ భుజాల మీద శాలువా, పక్కన కమల. వందన గెనుపు బటన్ మీదే ఉంది. "రెండుకు పో. పాట దించు. ప్రీతీ, ఎడమకు సూడు." మాట మాటకూ గొంతు అరిగిపోతోంది. జగదీష్ నీళ్ల సీసా మూత తీసి పక్కన పెట్టాడు.

పెద్ద తెర మీద ఉప్పలయ్య కథ మొదలైంది. కాటమ్మ చెంచాతో మందు కలుపుతోంది. కిటికీ వెలుతురు, ఇటుకల మంచం, తెరిచి ఉన్న కండ్లు. హాల్లో ఎవరో ముక్కు చీదారు. వందన ఇంకో తెరలో జనాన్ని చూస్తోంది. వెనకనుంచి నాలుగో వరసలో శ్రీజ తల దించుకుని ఉంది. పక్కనున్న పిల్ల తెరను చూస్తూ వేరుశనగలు తింటోంది.

"అక్కా," అన్నాడు జగదీష్, "ఈ బిట్టు అయిపోతుంది. తర్వాత ప్రీతి పేరు చదువుతది."

"నా టేపు రెడీగ పెట్టు."

అతను చెయ్యి కదపలేదు. "సారు ఒప్పుకున్నడా?"

"లేదు. టేపు గాని బిడ్డ గాని అన్నడు. టేపు అన్ననని ఆయనకు జెప్పలె."

"ఇది నువ్వనుకున్నట్టు వేస్తే నీకు ప్రోగ్రాం ఉండదు అక్కా."

"నీకుంటది గదా. పెట్టు."

అతను పెట్టాడు. వందన బటన్ నొక్కింది. "ప్రీతీ, ఆ పేరు చదవకు. నన్ను పిలువు." ప్రీతి చెయ్యి చెవి దగ్గరికి పోయింది. లైవ్‌లో ఎదురు అడగడానికి లేదు. "నన్ను. వందనను. పిలువు." చివరి మాట గాలిగానే పోయింది. ఆమె హెడ్‌ఫోన్ తీసి జగదీష్ తలకు పెట్టి లేచింది.

"ఇప్పుడు... ఇప్పుడు మన మధ్యకు," ప్రీతి అట్టముక్కను చూసి, దాన్ని వెనక్కి దాచుకుంది, "మన ప్రోగ్రాం ప్రొడ్యూసర్ వందన గారు వస్తున్నారు."

స్టేజీకి మెట్లున్నాయి, పట్టుకోవడానికి ఏమీ లేదు. కుడి కాలు, దాని పక్కకు ఎడమ కాలు. ప్లాస్టిక్ పట్టీ చెక్క మీద టక్కుమంది. ముందు వరసలో రాంచందర్ సంతోషంగా కమల వైపు వంగి ఏదో చెప్పాడు. ఒప్పుకుందన్న మాటే అయి ఉంటుంది. వందన మైకు అందుకుని నోటికి ఆనించుకుంది. చున్నీ తీసి భుజం మీద వేసుకుంది.

"నా పేరు వందన. నన్ను చూపించడానికి నేను ఒప్పుకుంటున్నాను."

హాలు వెనకదాకా వినబడలేదు. వినడం కోసం జనం మాటలు ఆపారు. ఫ్యాన్ల చప్పుడు పైకి వచ్చింది.

"ఈ మాట అప్పుడు నన్ను అడగలేదు. అందుకని ఇప్పుడు చెప్తున్న. టేపు వేయండి."

పచ్చ కర్టెన్. శ్రీహరి మాట. దిండు మీది మొహం. హాల్లో అయ్యో అయ్యో అని మొదలైంది. వందన చెయ్యి ఎత్తింది.

"గొట్టం సూడకండి. కండ్లు సూడండి. నాకు నర్సమ్మ నేర్పింది. ఒక్కసారి మూస్తే అవును. రెండుసార్లు మూస్తే వద్దు. జగదీష్, మొదటికెల్లి వెయ్యి."

మళ్లీ వేశాడు. ఈసారి హాలంతా ఆ కండ్లనే చూసింది. రెండుసార్లు. ఆగాయి. రెండుసార్లు. మధ్య వరసల్లోంచి ఒక ముసలావిడ, పక్కవాళ్లతో అనబోయి అందరికీ వినబడేలా అంది. "వద్దంటాంది గదే పిల్ల. పాపం, మొత్తుకుంటాంది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వందన మైకు ప్రీతి చేతికి ఇచ్చి మెట్లు దిగింది. దిగేటప్పుడు ఎడమ కాలు ముందు. వెనకనుంచి నాలుగో వరసలో శ్రీజ తల ఎత్తి తెర చూస్తోంది. ఆమెను ఎవరూ చూడడం లేదు.

ప్రోగ్రాం అయిపోయాక రాంచందర్ పెళ్లికూతురి గదికి వచ్చాడు. శాలువా మడిచి చంకలో పెట్టుకున్నాడు. బొట్టుబిళ్లల అద్దంలో ఆయన మొహం ముక్కలుగా కనిపించింది.

"ముందు చెప్పొచ్చు గదమ్మా. చెప్తే నేనేమన్న అంటునా?"

"అడిగితే మీరు వద్దంటరని అడగలె సార్."

జేబులో పెన్నులు లేవని చెయ్యి పోయాక గాని ఆయనకు తెలియలేదు. జగదీష్ వైర్లు చుట్టడం ఆపి నిలబడ్డాడు.

"సోమవారం ఆఫీసుకు రా," అన్నాడు రాంచందర్. ఎందుకో ఆయన చెప్పలేదు. ఆమె అడగలేదు.

హైవే మీద శ్రీహరి చాలా దూరం కారు నడిపాడు. అద్దెకు తెచ్చిన కారు. చాయ్ హోటల్ ముందు చెట్టు నీడకు ఆపి ఇంజిన్ బంద్ చేశాడు. దిగలేదు.

"ప్రశాంతి సిస్టర్ నాకు గూడ జెప్పింది," అన్నాడు. "ఒకటంటే అవును, రెండంటే వద్దు. నాకెరుకే."

వందన ముందుకు చూస్తూనే ఉంది.

"అందుకే ఆ రోజు నీ కండ్ల దిక్కు సూడలే. నువ్వు దక్కుతవో లేదో అన్నరు. సాయం అడగకుంటే దక్కవు. అడిగితే నువ్వు..."

"తెలుసు," అంది వందన.

లారీలు పోతున్నాయి. ఆయన స్టీరింగు మీది చేతులు తీసి, రాగి తీగకు గీసుకున్న వేళ్లను చూసుకున్నాడు.

"చెయ్యి పట్టుకోనా?"

ఆమె కుడి చెయ్యి ఒళ్లోంచి తీసి సీట్ల మధ్య పెట్టింది. "చాయ్ తర్వాత తాగుదాం," అంది. "ముందు నన్ను దించు. హోటల్ దాకా నడుస్త."

మర్నాడు పొద్దున కాటమ్మ ఫోన్ చేసింది. వెనక మిల్లు చప్పుడు.

"చెల్లె, మందులొచ్చినయ్. ఎప్పటిలెక్కనే. సూపర్‌వైజర్ ఏమనలే. మొకం మాత్రం ముడుసుకున్నడు."

"అన్న సూసిండా అక్కా?"

"మంచం ముంగట ఫోన్ పెట్టి సూపెట్టిన. ఆ చీర కట్టుకున్న పిల్ల అట్ట సూసి పేరు చదవబోతే, ఇగ శ్రీజనే అనుకోని నేనే కండ్లు మూసుకున్న. నీ గొంతు వినబడ్డంక తెరిచిన." కాటమ్మ ఆగింది. "ఈయన మూయలే చెల్లె. ఆఖరిదాక తెరిచే ఉంచిండు."

అంతేనండి. ఇంతసేపు లైనులో ఉన్నారు, సంతోషం. మీ ఇంట్లోనో, పక్క వీధిలోనో మాట లేకుండా మంచం పట్టిన మనిషి ఉంటే, ఆ ఇంటివాళ్లకు ఈ కథ పంపండి. మంచం పక్కన కూర్చుని వినిపించమనండి. వినిపించే ముందు మాత్రం, వినిపించాలా వద్దా అని ఆ మనిషిని ఒక్కమాట అడగమనండి.